గే హక్కులను వ్యతిరేకించే అభ్యర్థికి ఓటు వేయాలా వద్దా? తేల్చుకునే పద్ధతి

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఒంగోలు నుంచి, కావలి నుంచి, కనిగిరి వైపు నుంచి ఇదే ప్రశ్న వస్తుంది. "మనిషి మంచోడే, ఊరికి నీళ్లు తెప్పిస్తానంటున్నాడు. కానీ గే వాళ్ల గురించి మాత్రం నోటికొచ్చినట్టు మాట్లాడతాడు. ఓటు వేయమంటారా?" అడిగేవాళ్లలో తామే గే అయినవాళ్లున్నారు, తమ్ముడో కూతురో అలా ఉన్నవాళ్లున్నారు. ఇంట్లో ఎవరూ లేకపోయినా మనసొప్పక అడిగేవాళ్లూ ఉన్నారు.

ఫలానా పార్టీకి వేయండి అని ఇక్కడ చెప్పను. గే వాళ్లు భయం లేకుండా బతకాలని గట్టిగా కోరుకునే మనిషిని నేను, ఆ సంగతి దాచను. అయితే ఈ పద్ధతి అందరికీ పనికొస్తుంది. చర్చికో మసీదుకో గుడికో వెళ్తూ, గే పెళ్లిని మతపరంగా ఒప్పుకోలేనివాళ్లు కూడా దీన్ని వాడుకోవచ్చు. పెళ్లి వేరు, ప్రాణభయం లేకుండా బతకడం వేరు అని వాళ్లలో చాలామందికి తెలుసు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓటరు కార్డు. దాంతో పాటు మీది ఏ అసెంబ్లీ నియోజకవర్గమో, ఏ లోక్‌సభ నియోజకవర్గమో తెలిసి ఉండాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సర్వేపల్లి నెల్లూరు పక్కనే ఉన్నా తిరుపతి లోక్‌సభ కిందికి వస్తుంది. సంతనూతలపాడు ఒంగోలును ఆనుకుని ఉన్నా బాపట్ల కిందికి వస్తుంది. జిల్లాల సరిహద్దులు మార్చినంత మాత్రాన నియోజకవర్గం మారదు. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేయండి.
- నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక వచ్చే అభ్యర్థుల తుది జాబితా. అంతకు ముందు కూర్చుని ఆలోచించినా వృథా.
- పోటీలో ఉన్న ముఖ్య పార్టీల మేనిఫెస్టోలు.
- ఒక తెల్లకాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే మధ్యలో వాట్సాప్ మోగుతుంది, ఆలోచన అక్కడే తెగిపోతుంది.
- వీలైతే, గే అని మీకు తనంతట తాను చెప్పిన ఒక మనిషి. మీరు ఊహించిన మనిషి కాదు, మీకు నోరు తెరిచి చెప్పిన మనిషి.

1. చట్టం ఇప్పుడు ఎక్కడుందో తెలుసుకోండి

ఇది పది నిమిషాల పని. ఇది తెలియకపోతే అభ్యర్థి దేన్ని వ్యతిరేకిస్తున్నాడో అర్థం కాదు.

బ్రిటిష్ వాళ్లు 1860లో పెట్టిన శిక్షాస్మృతిలోని 377 సెక్షన్ కింద గే సంబంధం నేరంగా ఉండేది. 2009లో ఢిల్లీ హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిస్తే నేరం కాదని తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

పెళ్లి సంగతి వేరు. హైదరాబాద్‌కు చెందిన జంట మొదటి పిటిషనర్లుగా ఉన్న కేసులో 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. గే పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమనీ, అది చట్టసభల పని అనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది. ఇద్దరూ కలిసి బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో ఆర్థికశాఖ స్పష్టం చేసింది.

కాబట్టి ఇవాళ గే మనిషి నేరస్థుడు కాదు, కానీ అతని జంటకు చట్టం దృష్టిలో పెళ్లి లేదు. ఈ రెండు విషయాలూ మీ కాగితం మీద పైనే రాసుకోండి.

2. ఆ సీటుకు ఏ అధికారం ఉందో చూడండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే అనిపిస్తుంది.

ఎంపీ అభ్యర్థి అయితే: పెళ్లి, దత్తత, ఆదాయపన్ను లాంటివన్నీ పార్లమెంటు చేతిలో ఉన్నాయి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మార్చాలన్నా అక్కడే మార్చాలి. "ఒక్క ఎంపీతో ఏమవుతుంది?" అని కొట్టిపారేయకండి. 2015 డిసెంబరులో కాంగ్రెస్ ఎంపీ శశి థరూర్ 377ను సవరించే ప్రైవేటు మెంబరు బిల్లు (ప్రభుత్వం కాకుండా ఒక సభ్యుడు సొంతంగా తెచ్చేది) తెస్తే, దాన్ని సభలో ప్రవేశపెట్టడానికే ఒప్పుకోలేదు. వ్యతిరేకంగా 71 ఓట్లు, అనుకూలంగా 24 పడ్డాయి. 543 సీట్ల సభలో ఆ రోజు ఓటింగ్‌లో పాల్గొన్నవాళ్లు వందమంది కూడా లేరు. మన ఎంపీ ఆ రోజు సభలో ఉన్నాడా, ఉంటే ఎటు వేశాడు అని అడిగే హక్కు మనకుంది.

ఎమ్మెల్యే అభ్యర్థి అయితే: పెళ్లి చట్టం మీద అతని చేతిలో ఉన్నది తక్కువ. కానీ పోలీస్ స్టేషన్ మీద అతని మాట ఎంత నడుస్తుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊళ్లో ఇద్దరమ్మాయిలు కలిసి ఉంటామని ఇల్లు వదిలి వెళ్లారనుకోండి. తల్లిదండ్రులు మొదట స్టేషన్‌కు పోరు, ఎమ్మెల్యే ఇంటికి పోతారు. అక్కడి నుంచి సీఐకి ఒక ఫోన్ వెళుతుంది. "వాళ్లు మేజర్లు, స్టేట్‌మెంట్ తీసుకుని వదిలేయండి" అని వెళుతుందా, "ఆ పిల్లను పట్టుకొచ్చి ఇంట్లో దించండి" అని వెళుతుందా? ఆ అమ్మాయి జీవితం ఆ ఒక్క ఫోన్ మీద ఉంటుంది. 2024 డిసెంబరులో మన హైకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. ఒకమ్మాయిని తండ్రి తీసుకెళ్లి నిర్బంధించాడని ఆమె భాగస్వామి హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్) వేస్తే, ఇద్దరూ కలిసి ఉండొచ్చనీ తల్లిదండ్రులు జోక్యం చేసుకోకూడదనీ కోర్టు చెప్పింది. అందరూ హైకోర్టు దాకా పోలేరు కదా.

సర్పంచి, వార్డు మెంబరు అయితే: సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగదు కాబట్టి మేనిఫెస్టో ఉండదు. ఊళ్లో పంచాయితీ పెట్టినప్పుడు ఆ మనిషి ఎలా ప్రవర్తించాడన్నదే చూడాలి.

3. నిజంగా ఆ మాట అన్నాడా?

వాట్సాప్‌లో వచ్చిన ఇరవై సెకన్ల ముక్కను నమ్మి ఓటు మార్చుకోవద్దు. వీడియో దొరికితే ఇలా చూడండి:

- పూర్తి ప్రసంగం యూట్యూబ్‌లో ఉందేమో వెతకండి. ముందు వాక్యం, వెనక వాక్యం వినండి.
- వెనక ఫ్లెక్సీ మీద ఊరి పేరు, తేదీ, అభ్యర్థి ఫొటో మన నియోజకవర్గానివేనా?
- పెదాల కదలికకూ గొంతుకూ పొంతన ఉందా? ఇప్పుడు గొంతును తయారు చేయడం తేలికైపోయింది.
- ఎప్పటి మాట? 2018కి ముందు అన్నదీ తర్వాత అన్నదీ ఒకటి కాదు. మారిన మనిషికి ఆ మార్పును లెక్కలో వేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరికే అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉంటాయి. అభిప్రాయాలు ఉండవు. అఫిడవిట్ శుభ్రంగా ఉంది కాబట్టి ఈ విషయంలో కూడా పర్వాలేదనుకోవడం పొరపాటు. అయితే ఒక ఉపయోగం ఉంది. కిడ్నాపు, దాడి, నిర్బంధం లాంటి కేసులున్న అభ్యర్థి ఇంట్లోంచి వెళ్లిపోయిన పిల్లల విషయంలో ఎలా ఉంటాడో కాస్త ఊహించవచ్చు.

4. ఎంత వ్యతిరేకతో గ్రేడు కట్టండి

పొగాకు వేలం కేంద్రంలో బేళ్లన్నిటికీ ఒకే రేటు కట్టరు కదా, ఇదీ అంతే. "వ్యతిరేకి" అని ఒకే ముద్ర వేస్తే లెక్క తప్పుతుంది. నేను నాలుగు రకాలుగా విడదీస్తాను.

మొదటి రకం, నోరు విప్పనివాడు. "ఆ విషయం పెద్దలు చూసుకుంటారు" అని తప్పించుకుంటాడు. మన దగ్గర ఎక్కువమంది వీళ్లే.

రెండో రకం, పెళ్లిని మాత్రం వ్యతిరేకించేవాడు. మతమనో సంప్రదాయమనో కారణం చెబుతాడు, కానీ 2018 తీర్పును ఒప్పుకుంటాడు, ఎవరినీ కొట్టమనడు. ఇతని విషయంలో నిజాయితీపరులైన ఇద్దరు మనుషులు రెండు రకాలుగా తేల్చుకోవచ్చు.

మూడో రకం, స్టేజీ మీద వెకిలిగా మాట్లాడి నవ్వించేవాడు, లేదా ఇదొక జబ్బు, నయం చేయిస్తానని చెప్పేవాడు. "ఊరికే జోకేశాడులే" అని చాలామంది వదిలేస్తారు. నేను వదలను. ఆ సభలో వెనకవరసలో ఇంటర్ చదివే పిల్లాడు ఒకడు నిలబడి ఉంటాడు. స్టేజీ మీద పెద్దమనిషి ఆ మాట అనగానే చుట్టూ ఉన్న వందలమంది, వాళ్లలో వాడి మామయ్య, వాడి లెక్చరర్ కూడా, పగలబడి నవ్వుతారు. ఇంటికి వెళ్లాక ఆ పిల్లాడు ఇక ఎవరికి చెప్పుకుంటాడు? ఇక నయం చేయడం సంగతి. అలాంటి "చికిత్స" వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్రాల వైద్య మండళ్లకు చెప్పింది.

నాలుగో రకం, మళ్లీ జైల్లో వేయాలనో, తన్ని ఊళ్లోంచి తరమాలనో అనేవాడు. ఇతను వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రేపే తెచ్చినా నా ఓటు మాత్రం ఉండదు. నీళ్ల కోసం మరో అభ్యర్థిని నిలదీయవచ్చు. తన్నులు తిన్న పిల్లను మాత్రం వెనక్కి తేలేము.

మీ అభ్యర్థి పేరు పక్కన 1, 2, 3, 4లో ఒక అంకె వేయండి. తెలియకపోతే ఖాళీగా ఉంచండి, ఊహించి వేయవద్దు.

5. పార్టీ చెప్పిందీ, చేసిందీ పక్కపక్కన రాయండి

కాంగ్రెస్ 2024 మేనిఫెస్టోలో, విస్తృతంగా సంప్రదించాక ఎల్‌జీబీటీ జంటల కలయికకు పౌర గుర్తింపునిచ్చే చట్టం తెస్తామని రాసింది. బీజేపీ మేనిఫెస్టోలో ట్రాన్స్‌జెండర్ల కోసం గరిమా గృహాల (ఆశ్రయం ఇచ్చే ఇళ్ల) విస్తరణ, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా ఉన్నాయి. అదే పార్టీ నడిపిన కేంద్ర ప్రభుత్వం కోర్టులో గే పెళ్లిని వ్యతిరేకించింది.

మేనిఫెస్టో దగ్గరే ఆగిపోకండి. 2023లో గే పెళ్లి కేసు నడుస్తున్నప్పుడు కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగింది. వద్దని తేల్చి చెప్పినవి మూడు రాష్ట్రాలు: రాజస్థాన్, అస్సాం, మన ఆంధ్రప్రదేశ్. అప్పుడు రాజస్థాన్‌లో కాంగ్రెస్, అస్సాంలో బీజేపీ, ఇక్కడ వైఎస్సార్‌సీపీ అధికారంలో ఉన్నాయి. మూడు వేర్వేరు పార్టీలు, జవాబు ఒకటే. పార్టీ జెండా చూసి "వీళ్లు అనుకూలం, వాళ్లు వ్యతిరేకం" అని గీత గీసేస్తే ఎందుకు తప్పో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎమ్మెల్యే ఓటు ఈ విషయానికి సంబంధించింది కాదనేవాళ్లకు కూడా ఇదే నా జవాబు. ఆ ఉత్తరం రాసింది రాష్ట్ర ప్రభుత్వమే.

ఇంకొక తికమక: ట్రాన్స్‌జెండర్లకు పింఛను ఇచ్చారు కాబట్టి గే హక్కులకు కూడా అనుకూలమే అనుకుంటారు. పింఛను మంచి పని, అవసరమైన పని. కానీ ట్రాన్స్‌జెండర్ల సమస్య, గే వాళ్ల సమస్య అన్నిచోట్లా ఒకటి కాదు. రెండు గళ్లు గీసి విడివిడిగా రాయండి.

6. నేరుగా అడగండి, జాగ్రత్తగా అడగండి

ప్రచార జీపు మీద ఉన్న మనిషిని అడిగితే దండం పెట్టి ముందుకు పోతాడు. మండల ఇన్‌చార్జిని పట్టుకోండి, లేదా అభ్యర్థి ఆఫీసుకు ఉత్తరం రాయండి. తెలిసిన విలేకరి ఉంటే ప్రెస్‌మీట్‌లో అడగమని చెప్పండి.

"మీరు గే హక్కులకు అనుకూలమా?" అని అడగకండి. ఉపన్యాసం వస్తుంది తప్ప జవాబు రాదు. ఇలా అడగండి:

"అన్నా, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మీరు ఒప్పుకుంటారా?"

"ఇద్దరు మేజర్లు కలిసి ఉంటామంటే ఇంటోళ్లు గదిలో పెట్టి తాళం వేశారనుకోండి, మీ ఆఫీసు నుంచి స్టేషన్‌కు ఏమని ఫోన్ చేస్తారు?"

ఊళ్లో ఈ మాట ఎత్తితేనే "నీకెందుకంత పట్టింపు?" అని అనుమానంగా చూసే పరిస్థితి ఉంటే, అసలు గే అనే మాటే తీసుకురాకండి. దానికి బదులు కులాంతర ప్రేమ పెళ్లి గురించి అడగండి. ఇంట్లో ఒప్పుకోని జంట గతంలో ఎప్పుడైనా ఆయన దగ్గరికి వస్తే ఏం చేశాడో ఊళ్లో నలుగురికీ తెలిసే ఉంటుంది. ఆ జంటకు రక్షణ ఇప్పించినవాడు గే జంట విషయంలో కూడా కాస్త చట్టం వైపు నిలబడే అవకాశం ఉంది. అప్పుడు పెద్దల పక్షాన చేరి పిల్లను లాక్కొచ్చినవాడు ఇప్పుడు మారతాడని ఆశ పెట్టుకోవద్దు.

గట్టి హెచ్చరిక: ఉదాహరణకని మీ తమ్ముడి పేరో, స్నేహితురాలి పేరో ఎక్కడా చెప్పకండి. "మా వీధిలో ఒకబ్బాయి" అన్నా పోల్చుకుంటారు. మీరు ఇచ్చే ఒక్క ఆనవాలు వాళ్ల ఉద్యోగానికో, అద్దె ఇంటికో, ఒక్కోసారి ప్రాణానికో ముప్పు తెస్తుంది. ఎవరినైనా ఇంట్లో నిర్బంధించిన సంగతి మీకు తెలిస్తే ఎన్నికల దాకా ఆగొద్దు. 112కి చేయండి. ఉచిత న్యాయసహాయానికి 15100 ఉంది.

మీకు చెప్పుకున్న ఆ మనిషి దగ్గరికి కూడా వెళ్లండి. "ఎవరికి వేయమంటావు?" అని అడిగితే మీ భారం వాళ్ల మీద పెట్టినట్టవుతుంది. "ఇతను గెలిస్తే నీకేం మారుతుంది?" అని అడిగి వినండి. కొందరు పెళ్లి మాటే ఎత్తరు. అద్దె ఇల్లు, ఆస్పత్రిలో సంతకం, స్టేషన్ భయం గురించి చెబుతారు. చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో వదిలేయండి.

7. తూకం వేయండి

ఇప్పుడు కాగితం మీద ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఈ ఒక్క విషయం పక్కన పెడితే ఎవరికి వేసేవాళ్లు?

ఎదుటి అభ్యర్థి ఈ విషయంలో నిజంగా మెరుగా? ఇద్దరికీ మీరు వేసిన అంకె ఒకటే అయితే, ఈసారికి ఈ విషయం మీ ఓటును తేల్చలేదు. మిగతా విషయాలు చూసుకుని వేయండి, మనసులో తప్పు చేశానన్న బాధ పెట్టుకోకండి. అంకెల్లో తేడా ఉండి మిగతావన్నీ దాదాపు సమానమైతే, తేల్చాల్సింది ఈ విషయమే.

మిగతా విషయాల్లో ఇతనే మేలు, ఈ ఒక్కదాంట్లో చెడ్డ. అప్పుడేం చేయాలి? కష్టమైన ప్రశ్న ఇదొక్కటే. ఆక్వా చెరువులకు కరెంటు చార్జీలు, రామాయపట్నం పోర్టు, కనిగిరి ఫ్లోరైడు నీళ్లు, ఇవన్నీ నిజమైన కష్టాలే. ఒక్కో దాని పక్కన "ఇతను ఓడితే ఈ పని ఆగుతుందా, ఆలస్యమవుతుందా?" అని రాయండి. ఎక్కువ వాటికి జవాబు "ఆలస్యం" అని వస్తుంది. తర్వాత "ఇతను గెలిస్తే గే వాళ్లకు జరిగేది మళ్లీ సరిదిద్దగలిగేదేనా?" అని రాయండి. రెండో రకం అభ్యర్థి విషయంలో చాలాసార్లు సరిదిద్దవచ్చు. నాలుగో రకం విషయంలో కష్టం.

ఇతర దారులూ ఉన్నాయి. 2024 మే 13న జరిగినట్టు అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్ అయితే మీకు రెండు ఓట్లుంటాయి. రెండూ ఒకే గుర్తుకు వేయాలని ఎక్కడా లేదు. స్టేషన్ భయం ఎక్కువగా ఉందనుకుంటే ఎమ్మెల్యే ఓటు దగ్గర పట్టుదలగా ఉండండి. పెళ్లి చట్టం ముఖ్యమనుకుంటే ఎంపీ ఓటు దగ్గర.

నోటా నొక్కవచ్చు, కానీ అదేం చేస్తుందో తెలుసుకుని నొక్కండి. నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినా అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. మీ నిరసన లెక్కల్లో కనబడుతుంది, ఫలితం మారదు. నాలుగో రకం మనిషికీ రెండో రకం మనిషికీ మధ్య హోరాహోరీ ఉన్నచోట నోటా నొక్కడాన్ని నేను సమర్థించలేను.

8. పోలింగుకు రెండు రోజుల ముందే తేల్చేయండి

ప్రచారం ముగిశాక ఆ 48 గంటల్లోనే కవర్లు తిరుగుతాయి, పుకార్లు తిరుగుతాయి, బంధువుల ఫోన్లు వస్తాయి. టెన్షన్‌లో తీసుకునే నిర్ణయం మీది కాదు. ఓటుకు డబ్బు తీసుకోవడం నేరం. దేవుడి పటం ముందు ప్రమాణం చేయించుకున్నా చట్టం దృష్టిలో అది మిమ్మల్ని కట్టిపడేయదు.

మీ ఓటు ఎవరికీ తెలియదు. బూత్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మీకొక్కరికే కనబడి పెట్టెలో పడిపోతుంది. ఇంటికొచ్చాక బాబాయి "ఎవరికేశావురా?" అంటే "వేసొచ్చాను బాబాయ్" చాలు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ ఇక్కడ ఓటున్న పిల్లలకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. ఓటు కోసం వచ్చి ఇంట్లో గొడవపడి నిజం చెప్పేయాల్సిన అవసరం ఏమీ లేదు.

నిర్ణయం సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి

రాత్రి రాసి పెట్టిన కాగితాన్ని మర్నాడు పొద్దున మళ్లీ చదవండి. ఈ కింది వాటిలో ఏది కనబడినా వెనక్కి వెళ్లి ఆ మెట్టు మళ్లీ చేయండి:

- కారణాల్లో అభ్యర్థి కులం తప్ప గట్టిది ఏమీ లేదు. (7వ మెట్టు)
- "అందరూ అంటున్నారు" అని రాశారు, ఎవరన్నారో రాయలేదు. (3)
- ఎంపీ చేయాల్సిన పనికి ఎమ్మెల్యేని తిట్టారు. (2)
- అదే మాట ఎదుటి పార్టీవాడు అంటే క్షమించేవాళ్లు కాదు, మీవాడు కాబట్టి "జోకు" అయింది. (4)

చివరగా, ఆ కాగితంలోని కారణాన్ని మీకు చెప్పుకున్న ఆ మనిషి ఎదురుగా కూర్చుని చదవగలరా? అవతలివాళ్లు ఒప్పుకోవాల్సిన పనిలేదు. మీరు తలెత్తి చదవగలిగితే చాలు. ఒక మాట దగ్గర గొంతు ఆగిందంటే, తూకంలో దిద్దుకోవాల్సింది ఆ మాటే.

ఫలితాలొచ్చాక కాగితం పారేయకండి. మీరు ఓటేసినవాడు గెలిస్తే, గెలిచిన నెలలోపే ఒక ఉత్తరం రాయండి: మీకు ఓటేశాను, ఫలానా విషయంలో మీతో ఏకీభవించను, ఇంటివాళ్లు నిర్బంధించిన మేజర్ల విషయంలో పోలీసులు చట్టప్రకారం నడిచేలా చూడండి. పేరు పెట్టడం ప్రమాదమనిపిస్తే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక న్యాయవాది ద్వారా పంపించండి. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడైతే రసీదు కూడా ఇస్తారు. ఎంపీ సభలో ఏం అడిగాడో లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఏడాదికోసారి తీసి చూడండి. అతని పేరు పక్కన వేసిన అంకె మారిందనిపిస్తే దిద్ది, తేదీ వేసి పెట్టుకోండి.